ఎవరింటికి?

రాజమండ్రి దానవాయిపేటలో మా అత్తవారి పెంకుటిల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. బిల్డరుకి తాళాలు అప్పగించే గడువు దగ్గరపడింది. ఆ ఇంట్లో ఉంటున్నది మావారి అక్కగారు, నాకు వదిన. ఆవిడ హైదరాబాదు మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌కి మారుతున్నారు. రెండు పడకగదులు, ఒక హాలు, మనిషి పక్కకి తిరిగితే గోడ తగిలే వంటిల్లు. సాయానికని మావారూ నేనూ వెళ్ళాం.

పెద్దవాళ్ళు దాచుకుంటారు, చిన్నవాళ్ళు పారెయ్యమంటారు అని అందరూ అనుకుంటారు. ఇక్కడ తిరగబడింది. పెళ్ళయ్యాక కూడా అమ్మానాన్నల్ని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయిన వదిన తీసేద్దామంటారు. పండక్కి వచ్చి వెళ్ళే తమ్ముడు ఏదీ కదపనివ్వరు. నా పని సామాను జాబితా రాయడం. జాబితాతోపాటు వాళ్ళ మాటలు కూడా రాసుకున్నాను. కుండలీకరణాల్లో ఉన్నవి నావి.

మావారు: అక్కా, ఆ గుండిగ కూడా ఇచ్చేస్తావా? నీ పెళ్ళికి పులిహోర దాంట్లోనే కదా కలిపారు!

వదిన: కలిపారు. తర్వాత ఎప్పుడు కలిపారో చెప్పు. నీ పెళ్ళికి కేటరింగ్. మావాడి పెళ్ళికి ఫంక్షన్ హాలు. గుండిగ మాత్రం అటకెక్కి కూచుని అందరి పెళ్ళిళ్ళూ అయ్యాయో లేదో వింటోంది.

మావారు: పనికొస్తేనే ఉంచాలంటే ఇంట్లో సగం మనుషుల్ని కూడా పంపెయ్యాలి. అది ఈ ఇంటి ఆనవాలు. ఇవాళ తూకానికి వేస్తే రేపు ఏ ట్యాపులోనో స్క్రూలోనో కలిసిపోతుంది.

వదిన: కలవనీ. ఇత్తడి ఇత్తడిగానే ఉంటుంది. ఇనుములా తుప్పు పట్టి మట్టిలో కలవదు కదా. ఒరేయ్, దీని సంగతి నీకేం తెలుసని? రెండు నెలలు వదిలేస్తే కిలుం పడుతుంది. చింతపండు వేసి తోమాలి. లోపల కళాయి పోయిందంటే పులుసు కాదు కదా మజ్జిగ కూడా పొయ్యకూడదు, రాగి దిగుతుంది. ఇదివరకు వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. అరుగు పక్కన కొలిమి తవ్వుకుని, గిన్నె కాల్చి, నవాసారం చల్లి తగరం పూసేవాడు. ఇప్పుడు మియాపూర్‌లో అలాంటివాణ్ణి నువ్వు వెతికిపెడతావా?

మావారు: వంటకెందుకు? హాల్లో మూలన పెట్టి మొక్క వేస్తే ఎంత అందంగా ఉంటుంది! పెద్దపెద్ద హోటళ్ళలో చూడలేదూ?

వదిన: హోటల్లో అయితే తోమడానికి జీతగాడు ఉంటాడు.

(ఈ మాట దగ్గర మావారు నావైపు చూశారు. నేను జాబితా చూసుకున్నాను.)

మావారు: సరే, పందిరి మంచం?

వదిన: విప్పితే పదకొండు ముక్కలు. బిగించడానికి వడ్రంగి కావాలి. లిఫ్టులో దూలం పట్టదు, మెట్ల మీద మొయ్యాలి. ప్యాకర్స్ కుర్రాడు మొన్న వచ్చి గదిగదీ తిరిగి కొలతలు రాసుకున్నాడు. వాళ్ళు చూసేది వస్తువు విలువ కాదు, అది లారీలో ఎంత చోటు తింటుందో. మంచం, భోషాణం, పెద్ద బీరువా లేకపోతే పద్నాలుగడుగుల బండి సరిపోతుందన్నాడు. ఉంటే పందొమ్మిది అడుగులది. ఆ పైన మూడో అంతస్తుకి మెట్ల కూలి వేరు. ఇక్కణ్ణుంచి హైదరాబాదు నాలుగొందల కిలోమీటర్ల పైమాట. ఆ దూరమంతా మోసుకెళ్ళి మంచం వేస్తే ఆ గదిలో ఇంక తలుపు తెరుచుకోదు.

మావారు: తాతగారు నాగటేకుతో చేయించింది. అలాంటి కర్ర ఇప్పుడు దొరుకుతుందా?

వదిన: దొరకదు కాబట్టే కొనేవాళ్ళున్నారు. పాత ఇళ్ళు పడగొట్టేచోట ద్వారబంధాలూ దూలాలూ కొనేవాళ్ళు లేరూ? కలప పోవడం లేదురా, ఇంకో ఇంటికి వెళ్తుంది. నేనూ అంతే.

మావారు: నువ్వు మరీ వైరాగ్యం మాట్లాడుతున్నావు.

వదిన: వైరాగ్యం కాదు, నడుం నొప్పి.

(మాటలు ఇలా సాగుతుంటే డాలస్ నుంచి వదినగారబ్బాయి వీడియో కాల్ చేశాడు. "అన్నీ పారెయ్ అమ్మా, కావలసినవన్నీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతా" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "నా క్విజ్ కప్పులు మాత్రం జాగ్రత్త" అన్నాడు. మొత్తం ఒక గోనెసంచెడు కప్పులు. పారెయ్యమని చెప్పే ప్రతివాడికీ ఏదో ఒక అటక మీద ఒక సంచి ఉంటుందనుకుంటాను.)

మావారు: వాడి కప్పులు ఉంచుతావు, అమ్మ చీరలు మాత్రం తీసేస్తావు.

వదిన: కప్పులు ఫొటో తీసి పంపిస్తాను, అంతే. చీరల సంగతి వేరు. పట్టుచీర పెట్టెలో పెట్టి మర్చిపోతే ఉండదు. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఆ మడత దగ్గరే పిగిలిపోతుంది. జరీ నల్లబడుతుంది. అందుకని ఏడాదికోసారి తీసి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టాలి. కలరా ఉండలు పట్టుకి తగలకుండా గుడ్డలో కట్టి పక్కన పెట్టాలి. అమ్మ పోయినప్పటినుంచీ ఆ మడతలు ఎవరు మార్చారు?

మావారు: ...

వదిన: నీకు అమ్మ చీరలు జ్ఞాపకం. నాకు ఏటేటా చెయ్యాల్సిన పని. నేను పారేస్తున్నది జ్ఞాపకాన్ని కాదురా, ఆ పనిని.

మావారు: అలా అనకు. పని అయినంతమాత్రాన జ్ఞాపకం కాకుండా పోతుందా? నువ్వు మడత మార్చిన ప్రతిసారీ ఆవిడ నీకు గుర్తు రాలేదా?

వదిన: వచ్చింది. గుర్తుకు రావడానికి ఆరు చీరలు అక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. గద్వాల చీర నేను కట్టుకుంటాను. ఉప్పాడది నీ భార్యకి. మూడింట్లో పట్టు నిలువునా చిరిగింది, జరీ మాత్రం బాగుంది. అసలు జరీలో వెండి ఉంటుంది. కొనేవాడు దాన్ని కాల్చి వెండి తీసుకుంటాడు. ఇంక మిగిలిన నేతచీర పల్చబడి మెత్తగా ఉంది. బొంత కుట్టించి మావాడి పాపకి పంపిస్తాను.

మావారు: అమ్మ చీర కాల్చేస్తారా!

వదిన: కొట్టుకి వెళ్ళేది మనమే. కావాలంటే నువ్వు బయట నిలబడు.

(ఇక్కడ కాసేపు పని ఆగింది. టీ పెట్టాను. బట్టల విషయంలో మాత్రం తర్వాత ఇద్దరూ తగువు పడలేదు. వాడదగినవన్నీ ఉతికి ఇస్త్రీ చేయించి వేరే మూట కట్టాం. పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వస్తే వదినే వద్దన్నారు. సామాను తగ్గించుకుంటూ మళ్ళీ గిన్నెలు తెచ్చుకోవడం ఏమిటని.)

మావారు: బట్టలూ గిన్నెలూ నీ ఇష్టం. నాన్న పుస్తకాల జోలికి మాత్రం రాకు. 'భారతి' సంచికలు బైండు చేయించి పెట్టుకున్నారు.

వదిన: భారతి అంతా నెట్‌లో ఉందిట కదా? ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టారని నువ్వే చెప్పావు. చందమామలూ దొరుకుతాయన్నావు. ఈ కాగితం చూడు, వేలు పెడితే అంచు రాలిపోతోంది.

మావారు: చవక కాగితం అంతే. కర్రగుజ్జులో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురూ గాలీ తగిలి పసుపెక్కి పెళుసుబారుతుంది. కానీ స్కాన్ చేసిన భారతిలో ఇది ఉంటుందా? ఇటు చూడు. నాన్న పెన్సిలుతో పక్కన ఏం రాశారో. వ్యాసం రాసినాయనతో దెబ్బలాడుతున్నారు. "ఇది తప్పు. తాళపత్రంలో వేరే పాఠం ఉంది" అని. ఎక్కడ చూశారో ఆ తాళపత్రం! ఇది ప్రపంచంలో ఈ ఒక్క ప్రతిలోనే ఉంది.

వదిన: (చాలాసేపు చదివి) ఇలా ఎన్నిచోట్ల రాశారు?

మావారు: చూడాలి.

వదిన: అయితే చూడు. నాన్న చేతిరాత ఉన్న సంపుటాలు ఉంచుదాం. లేనివి ఇచ్చేద్దాం. "అన్నీ ఉంచుదాం" అనేది చూడకుండా ఉండడానికి దొరికిన సాకు. మూడు బీరువాల పుస్తకాలున్నాయి, ఇందులో ఒక్కటైనా తీసి చదివావా ఈ ఇరవై ఏళ్ళలో?

(ఈ ప్రశ్న మావారికి గట్టిగా తగిలింది. చాపేసుకుని కూర్చుని సంపుటాలు తిప్పడం మొదలుపెట్టారు. పెన్సిలు గీతలు ఉన్నవి ఐదు తేలాయి. మిగతావాటి గురించి వాకబు చెయ్యాలి. ఊళ్ళోనే 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది. అయితే ఏ గ్రంథాలయమైనా గేటు దగ్గర దింపేసి వెళ్తే తీసుకోదు. ముందు జాబితా పంపాలి, వాళ్ళ దగ్గర లేనివే అడుగుతారు. చెదలు పట్టినవి ఇస్తే ఉన్నవాటికి కూడా పట్టిస్తాం. దానం పేరుతో మన అటక పక్కవాళ్ళ అటక మీదికి మార్చడం మర్యాద కాదు.)

వదిన: కాగితాల పెట్టె ఇలా తే. ఇందులో నాన్న కరెంటు బిల్లులన్నీ పేర్చి పెట్టారు. చించి గోనెలో వేస్తాను.

మావారు: ఆగు! ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది విను. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. బిల్లులు చించు, ఫర్వాలేదు. కానీ ప్రతి కవరూ విప్పి చూశాకే.

వదిన: ఏముంటుంది, పాత కవర్లలో?

మావారు: ఇదిగో ఇదుంది. అమ్మ పేర పాస్‌బుక్కు. పదేళ్ళపాటు లావాదేవీ లేని ఖాతాలో డబ్బుని బ్యాంకు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తుంది. అంటే పోయినట్టు కాదు. వారసులు కాగితాలతో వెళ్తే అదే బ్యాంకు ఇవ్వాలి. 2023 ఆగస్టునుంచి ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది, పేరు కొడితే ఏ బ్యాంకులో ఉందో చూపిస్తుంది. అన్ని బ్యాంకులూ అందులో లేవు గానీ పెద్దవన్నీ ఉన్నాయి. ఇదిగో, షేరు సర్టిఫికెట్లు కూడా. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు అమ్మడానికి వీల్లేదు, డీమాట్ చేసుకోవాలి. ఏడేళ్ళు వరసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లే ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి. దరఖాస్తు పెట్టి తెచ్చుకోవచ్చు, కానీ ఈ ఫోలియో నంబరు లేకపోతే ఎక్కడని వెతుకుతాం?

వదిన: నాన్న ఎప్పుడూ చెప్పలేదే.

మావారు: చెప్పి ఉంటారు, మనం విని ఉండం. ఇదేమిటి... ఈ ఇంటి పాత దస్తావేజు. లింకు డాక్యుమెంటు! ఈ ఇంటి కాగితాలకోసం బిల్డరు లాయరు అడిగినప్పుడు సర్టిఫైడ్ కాపీకోసం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ నువ్వు ఎన్నిసార్లు తిరిగావు?

వదిన: చాలాసార్లు. అసలు ఇక్కడే ఉందా?

మావారు: కరెంటు బిల్లుల మధ్య.

(వదిన ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశారు. అప్పటినుంచి కాగితాల పెట్టె మావారి వశం. నా ఉద్దేశంలో ఇల్లు మారేవాళ్ళు నేర్చుకోవలసింది ఇదొక్కటే అయినా చాలు: కాగితాలు గోనెసంచిలో నింపే పనివాళ్ళకి వదలకూడదు, తొందర్లో ఉన్నవాళ్ళకి అసలే వదలకూడదు. పొలం, ఇల్లు, పెన్షను, బీమా, జనన మరణ ధ్రువపత్రాలు ఒక ఫైలు. మిగతావి చించడమే, అదీ అకౌంటు నంబర్లు కనపడకుండా.)

వదిన: సరే, కాగితాల్లో నువ్వు గెలిచావు. ఇప్పుడు ఈ డబ్బా టీవీ మోసుకెళ్ళమంటావా?

మావారు: అది వద్దు. పాతసామాన్ల వాడికీ వెయ్యకు. ఆ గాజులో సీసం ఉంటుంది, వాడు రాగితీగ కోసం పగలగొడతాడు. ఈ-వ్యర్థాలకి రూల్సు ఉన్నాయి, కొత్తవి 2023 ఏప్రిల్‌నుంచి అమల్లో ఉన్నాయి. అధికారికంగా తీసుకునే రీసైక్లింగ్ వాళ్ళకే ఇవ్వాలి. ఇన్వర్టరు బ్యాటరీ కూడా అంతే, కొన్న కొట్లో తిరిగి ఇస్తే ఎంతో కొంత తగ్గిస్తారు.

వదిన: మందుల డబ్బాలో గడువు దాటినవి నేను తీసేశాను. అది నీ భార్య రాసుకుంది.

(రాసుకున్నాను. ఒక్క విషయం: వదినగారి పద్ధతి నాకు నచ్చింది. ముందు స్నానాల గది అలమర, తర్వాత వంటిల్లు, బట్టలు, కాగితాలు. ఫొటోలు చిట్టచివర. మేనకోడలు మేరీ కోండో వీడియోలు పంపిందిట. వస్తువు చేతిలోకి తీసుకుంటే సంతోషం కలగాలని ఆ జపానావిడ అంటుంది. "కుక్కరు పట్టుకుంటే నాకేం సంతోషం? కానీ అది లేకపోతే పప్పు ఉడకదు" అన్నారు వదిన. జ్ఞాపకాలున్న సామాను ఆఖర్న చూడమని కూడా ఆ జపానావిడే అంటుంది. అది మాత్రం వదిన పట్టుకున్నారు. ఆల్బమ్ తెరిచామంటే ఆ పూట ఇంకేమీ కదలదు.)

మావారు: ఈ ఇత్తడి కొలపాత్రలు! సోల, తవ్వ, మానిక... వీటిని తూకానికి వేస్తే నేను ఊరుకోను.

వదిన: దశాంశ మానాలొచ్చి అరవై ఏళ్ళు దాటింది. ఇంకా మానికలెందుకు?

మావారు: మనింటి ఆవకాయ దేంతో కొలుస్తావు?

వదిన: ఆ సోలతోనే.

మావారు: కారం ఎంత, ఆవపిండి ఎంత, ఉప్పెంత అంటే అమ్మ "సోలకి సోల, ఉప్పు గిద్ద తక్కువ" అనేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. లెక్క అందరికీ తెలుసు. కానీ ఒకరింటి సోలకీ ఇంకొకరింటి సోలకీ అచ్చంగా ఒకే పరిమాణం ఉండదు. ఈ సోల పోతే ఆ లెక్క పోయినట్టే.

వదిన: దీన్నిండా నీళ్ళు పోసి తూచాను. అమ్మ చెప్పినట్టు కారం పోసి కూడా తూచాను. గ్రాముల్లో రాసి కోడలికి పంపాను.

మావారు: అమ్మ ఉప్పు అంచుకి సమంగా గీసేదా, పైకి కుప్పగా పోసేదా?

వదిన: ఉప్పు సమంగా. ఆవపిండి... (ఆలోచించి) ఆవపిండి చేత్తో కాస్త అదిమేది. అది రాయలేదు.

మావారు: చూశావా!

వదిన: చూశాను. ఇప్పుడు రాస్తాను. అయినా సోల ఒక్కటీ ఉంచుదాం. తవ్వా మానికా నీకేమీ చెప్పడం లేదు కదా?

(వాళ్ళ తగువు అంతా ఇంతే. ఆయన ఒక వస్తువు పట్టుకుని వంద ఉంచాలంటారు. ఆవిడ వందా తీసెయ్యాలని మొదలుపెట్టి ఒకటి దగ్గర ఆగుతారు. నిజం చెప్పాలంటే నేను ఆవిడ వైపే. కానీ ఇంటి దస్తావేజు దొరికింది ఆయన పట్టుదల వల్లేనని కూడా మర్చిపోలేను.)

వదిన: దేవుడి పటాలు ఏం చేద్దాం? పూజగదిలో పెట్టుకునేవి పోను ఇరవైకి తక్కువ లేవు. గృహప్రవేశాలకి వచ్చినవీ, కొట్టువాళ్ళు క్యాలెండర్లతో ఇచ్చినవీ. అందరిలాగే గుళ్ళో రావిచెట్టు కింద పెట్టి వద్దామా?

మావారు: అక్కడ వానకి తడిసి, అద్దం పగిలి, కుక్కలు తొక్కుతుంటాయి. ఇంట్లో ఉంటేనే గౌరవం.

వదిన: బీరువా వెనక బూజు పట్టి ఉంటే గౌరవమా? పోనీ గోదాట్లో?

మావారు: గోదావరికి ఇప్పుడున్న చెత్త చాలదా?

వదిన: మరి నువ్వే చెప్పు.

మావారు: (ఆలోచించి) ఫ్రేములు విప్పుదాం. అద్దం, కర్ర వేరు. కాగితం ఒకటే మిగులుతుంది. పెరట్లో శుభ్రమైన చోట గొయ్యి తీసి, పసుపూ కుంకుమా వేసి పూడ్చేద్దాం.

వదిన: వచ్చేనెలలో ఆ పెరట్లోనే సెల్లారు తవ్వుతారు.

(దీనికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. చివరికి కాగితాలు విడదీసి కట్ట కట్టాం. ఊళ్ళో మా పినమామగారి తోటలో కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చమని పంపించాం. మంచి పటాలు రెండు పనమ్మాయి అడిగి తీసుకుంది. అడిగినవాళ్ళకి ఇవ్వడం అన్నిటికన్నా సులువు, ముందు అడగనివ్వాలి.)

మావారు: ఇంక పడకకుర్చీ. ఇది మాత్రం నాన్నది. దీని మీద బేరం లేదు.

వదిన: నేనూ బేరమాడను. అమ్మాయ్, నీ జాబితాలో ఇంకో గడి గీయి. ఉంచాలన్నవాటి పక్కన "ఎవరింటికి" అని రాయి.

మావారు: ఎవరింటికేమిటి, నీ ఇంటికే.

వదిన: నా ఫ్లాట్లో నేను రాసుకున్నవి పడతాయి. నువ్వు ఉంచాలన్నవి నీ ఇంటికి. కుర్చీ, గుండిగ, పందిరి మంచం, తవ్వ, మానిక, రుబ్బురోలు, భోషాణం. అన్నీ నీ పేరే రాయి అమ్మాయ్.

మావారు: మాది కూడా ఫ్లాటే కదక్కా!

వదిన: అవును కదా?

(ఆయన నా చేతిలో పుస్తకం తీసుకున్నారు. రుబ్బురోలు కొట్టేశారు. మంచం కొట్టేశారు. భోషాణం దగ్గర కాస్త ఆగి, దాని ఇత్తడి గొళ్ళెం మాత్రం విప్పించుకుంటానన్నారు. గుండిగ దగ్గర నావైపు చూశారు. తోమేది ఎవరని అడిగాను. తనే తోముతానన్నారు. అది కూడా జాబితాలో రాసి సంతకం పెట్టించుకున్నాను.)

వదిన: రేపు గ్యాస్ ఆఫీసుకి వెళ్ళాలి. వేరే ఊరికి మారుతున్నాం కాబట్టి సిలిండరూ రెగ్యులేటరూ అప్పగిస్తే డిపాజిట్టు తిరిగిచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. దాంతో అక్కడ కొత్త కనెక్షన్. సబ్‌స్క్రిప్షన్ వోచర్ తెమ్మన్నారు. కాగితాలు నువ్వే కదా చూశావు, ఎక్కడ పెట్టావు?

మావారు: నాకు అలాంటిది కనపడలేదే. పొద్దున్న నేను రాకముందు నువ్వు ఒక సంచి చించలేదూ?